రామానందరాయల పదవీత్యాగము

జీవనోపాధికై చేపట్టిన కొలువునందు ఏండ్లు గడచిన పిదప, "ఇది నా మనస్సునకు తగిన పని కాదు" అను పరితాపము పెక్కుమంది గృహస్థులకు అనుభవమే. వదలినచో సంసారమేమగునో అను భయము. వదలకున్నచో ఆయువు వ్యర్థమగునను వేదన. ఇట్టి సంకటమున దారి చూపదగిన భాగవతుని చరిత్రము మన గోదావరీతీరముననే జరిగినది. కృష్ణదాస కవిరాజు రచించిన శ్రీచైతన్యచరితామృతమున ఆ వృత్తాంతము కలదు.

1510లో సన్న్యాసము స్వీకరించిన శ్రీకృష్ణచైతన్య మహాప్రభువు దక్షిణయాత్రకు వెడలుచుండగా, గోదావరీతీరమున రామానందరాయలను తప్పక చూడవలసినదని సార్వభౌమ భట్టాచార్యుడు కోరెను. రాయలు గజపతి ప్రతాపరుద్రుని పక్షమున రాజమహేంద్రవర సీమను పాలించు అధికారి. మహాప్రభువు నదిని దాటి స్నానమాడి కూర్చుండగా, రాయలు పల్లకినెక్కి, వాద్యములు మ్రోయగా, వైదిక బ్రాహ్మణులు వెంటరాగా స్నానమునకు వచ్చెను. కొవ్వూరునందలి గోష్పాదక్షేత్రమే ఆ తావని పెద్దలు చెప్పుదురు. అంత వైభవమున వచ్చినవాడు స్వామి యెదుట తాను కేవలము రాజసేవకుడననియు, విషయములలో మునిగినవాడననియు చెప్పుకొనెను.

నాటి సాయంకాలము రాయలు ఒక్క సేవకునితో మరల వచ్చెను. పగటి పరివారమెక్కడ, ఈ ఏకాంతమెక్కడ! పది రాత్రులు భక్తితత్త్వమును గూర్చి సంభాషణ సాగెను. కడపట మహాప్రభువు, రాజకార్యములను విడిచి నీలాచలమునకు రమ్మని ఆదేశించెను.

రాయలు మరునాడే అధికారమును పారవైచి పోలేదు. రాజునకు విన్నవించి అనుజ్ఞ బడసెను. స్వామి యాత్ర ముగించి మరల వచ్చినపుడు, తన వెంట ఏనుగులు, గుర్రములు, సైన్యపు కోలాహలము కలవు గనుక స్వామి ముందుగా విచ్చేయవలసినదనియు, పది దినములలో అన్నిటిని చక్కబెట్టి తాను వెనుక వత్తుననియు మనవి చేసెను. ప్రతాపరుద్రుడు సంతోషించి, పూర్వపు జీతమునే అనుభవించుచు స్వామిపాదములను సేవింపుమనెను. పూరీలో రాయలు మహాప్రభువునకు అంతరంగ సహచరుడై నిలిచెను.

అందరికిని అట్టి ప్రభువు లభించునా యని శంక కలుగవచ్చును. రాయల సోదరుడు గోపీనాథ పట్టనాయకుని కథ దీనికి సమాధానము. ఆయన కొలువునందుండి, రాజునకు చెల్లింపవలసిన రెండు లక్షల కాహణముల ద్రవ్యము బాకీపడి, ప్రాణాపాయమునకు లోనయ్యెను. ఆపద తొలగిన పిదప తనకును విషయములనుండి విముక్తి నొసగుమని వేడెను. మహాప్రభువు అంగీకరింపలేదు. మీరందరును సన్న్యసించినచో ఇంత కుటుంబమును పోషించువారెవరని ప్రశ్నించెను. రాజధనమును వ్యయము చేయక, ముందు రాజునకు చెల్లించి, మిగిలిన లాభమును ధర్మకార్యములకు వినియోగింపుమని బోధించెను.

గురువు ఒక్కడే, అన్నకు వదలుమనెను, తమ్మునికి నిలువుమనెను. ఇందు వైరుధ్యము లేదు. రాయలు పదవిలో నుండగనే పది రాత్రులు హరికథకు తీరిక చేసికొనెను. ఒప్పగింపవలసినవి ఒప్పగించి కదలెను. గోపీనాథుడు దెబ్బతిని తొలగగోరెను. ఆయనపై ఆధారపడినవారు ఇంకను ఉండిరి.

కనుక కొలువు మానదలచినవాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఏ పనికై పోగోరుచున్నాడో ఆ పనికి నేటి సాయంకాలము గడియసేపైన ఇచ్చుచున్నాడా? చెల్లింపవలసినది చెల్లించెనా? ఇంటివారి అన్నమునకు దారి చూపెనా? మూడింటికిని తృప్తికరమైన సమాధానము దొరకినవాడు నిర్భయముగా బయలుదేరవచ్చును. దొరకనివాడు నిరాశ చెందనక్కరలేదు. సాయంకాలపు ఆ గడియతోనే అతని ప్రయాణము మొదలగును.