చాప కింది రేకు

బరంపురం వాళ్లకి గోపాల్‌పూర్ గాలి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సముద్రం ఊరికి దూరంగానే ఉన్నా, దాని ఉప్పు మాత్రం కిటికీ చువ్వల్ని, సైకిలు రిమ్ముల్ని వెతుక్కుంటూ వస్తుంది. మా నాన్నగారి అంబాసిడరునీ అది వదల్లేదు. 1972 నాటి మార్క్-2 బండి. ఆయన పోయాక కొన్నాళ్లు మేం తిప్పాం. చివరికి అమ్మేద్దామని అన్నయ్యా నేనూ అనుకున్నాం. ఛత్రపురం నుంచి ఒక మాస్టారు వచ్చి చూశారు. ఇద్దరు చిన్నపిల్లలున్న మనిషి. రంగూ ఇంజనూ నచ్చాయి. కాళ్ల కింది చాప ఎత్తి చూడలేదు. ఆయన వెళ్లాక నేను ఎత్తాను.

చాప కింద గోనెనార పరుపు. దాని కింద రేకుకి అతికించిన తారు అట్ట. వట్టి రేకుని కొడితే గిన్నెలా మోగుతుంది. తారు అట్ట ఆ అదురుని తనలోకి తీసుకుని చంపేస్తుంది. రోడ్డు రొద, ఇంజను రొద తగ్గడానికి కంపెనీలు పెట్టే ఏర్పాటే ఇది, తప్పేమీ లేదు. కాని ముందు అద్దం రబ్బరు పగిలి వాన నీరు దిగింది. సముద్రపు ఇసుక తొక్కిన కాళ్లు ఉప్పుని మోసుకొచ్చాయి. గోనె ఆ తడిని పట్టి ఉంచింది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కనక అట్ట అంచులు లేచాయి, లేచిన చోట మరింత నీరు చేరింది. చాప కింద నీరు అన్న మాటని అక్షరాలా చూడాలంటే పాత కారు కొనాలి.

మేస్త్రి ఒక సంగతి చెప్పాడు. సుత్తితో తడితే మంచి రేకు ఖంగుమంటుందట, పుచ్చిన రేకు డొల్లగా పలుకుతుందట. తారు అట్ట ఉన్నచోట మాత్రం రెండూ ఒక్కలాగే పలుకుతాయి. రొదతోపాటు కబురూ పోతుందన్నమాట.

అట్టని వేడిచేసి గీకుతూ పోగా, వెనక సీటు ముందు ఎడమపక్కన, చదునుచేసిన నూనె డబ్బా రేకు ఒకటి బయటపడింది. రివెట్లు కొట్టి, పైన తారు పూసి ఉంది. దాన్ని ఎత్తితే షెడ్డు నేల కనిపించింది.

అమ్మని అడిగాను. ‘‘తెలుసురా. ఎనభయ్యారులో వేయించారు. ఆ ఏడు అక్క పెళ్లి,’’ అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారాలు గోపాల్‌పూర్ వెళ్లేటప్పుడు నాన్నగారు చెల్లెలితో, ‘‘కాళ్లు పైకి ముడుచుకో తల్లీ,’’ అనేవారు. సీటు కింద ఇసుక పడుతుందని కాబోలు అనుకునేవాళ్లం. కొన్నాళ్లకి ఆ మాట మానేశారు.

ఆయన మమ్మల్ని మోసం చేశారా? చేతిలో డబ్బు లేనివాడు రంధ్రం మూసుకోవడం తప్పని నేను అనలేను. ఆయనా అదే బండిలో కూర్చున్నారు, నిదానంగా నడిపారు. కాని ఆ మాట మానెయ్యడం దగ్గర నా మనసు ఆగుతుంది. మూత మొదట ఎదుటివాడికి వినిపించకుండా చేస్తుంది. తర్వాత మూసినవాడికీ వినిపించదు. మా చుట్టాల ఇళ్లలో నలుగురిలో అనవద్దని నొక్కిన సంగతులు, నొక్కినవాళ్లే మరిచిపోయినవి, నేను కొన్ని ఎరుగుదును.

‘‘లప్పం పెట్టి తారు కొడితే రేపే ఇచ్చేస్తాను బాబూ. కోసి అతకాలంటే వారం,’’ అన్నాడు మేస్త్రి.

‘‘తారే కొట్టించరా. మాస్టారు అడిగితే చెబుదాం. అడక్కపోతే మనకెందుకు?’’ అన్నాడు అన్నయ్య. అన్నయ్య అబద్ధాలాడే మనిషి కాడు. ఆ రాత్రంతా నన్ను వేధించింది అదే. అడగాలంటే ముందు అనుమానం రావాలి. అనుమానం రాకుండా చేసే తారు మన చేత్తో పోసి, ఆయన అడగలేదనడం ఏం న్యాయం? పైగా ఈ బండికి కింద వేరే చాసీ లేదు. బరువు మోసేవాటిలో ఆ నేల రేకూ ఒకటి.

కోయించాను. మెరిసే ఇనుము తగిలేదాకా కోసి, 18 గేజి రేకు, చుక్క చుక్కగా, ఒకచోట వేడెక్కి వంకర పోకుండా అటూ ఇటూ మారుస్తూ అతికాడు. జింకు ప్రైమరు వేశాం. అద్దం రబ్బరు మార్చాం. రొద అణచడానికి నేలంతా అట్ట పరవక్కర్లేదు. రేకు ఎక్కువగా అదిరేచోట, పావు వంతు మేర అతికిస్తే చాలావరకు తగ్గుతుంది. అతుకుల గీతలు కనిపించేలా వదిలి, మధ్యలో ముక్కలు అంటించాం.

మాస్టారు వచ్చారు. చాప ఎత్తి అన్నీ చూపించాను, నూనె డబ్బా రేకుతో సహా. ఆయన వంగి వేలితో రెండుచోట్ల తట్టి విన్నారు. వెల్డింగు పడ్డ బండి కనక ఐదువేలు తగ్గించమన్నారు. తగ్గించాను. అన్నయ్య ఆ రోజు నాతో మాట్లాడలేదు.