కారు మీద పడక

ఇల్లు వదిలి ఉండడానికి ముందుగా ఒక వస్తువు కొనాల్సి వస్తే, దాన్ని వదలడం అనొచ్చా?

ఈ ప్రశ్న నా నెత్తిన పెట్టినవాడు మా మేనల్లుడు. అచ్యుతాపురం సెజ్‌లో మందుల కంపెనీ ఉద్యోగం, కొత్త కారు. దాని పైకప్పు మీద బిగించే టెంటు కావాలట. పగలు మడిచి ఉంటుంది, రాత్రి విప్పి నిచ్చెన దించితే ఇద్దరికి పడక. "మావయ్యా, చవకలో ఏది మంచిదో నువ్వు చూసిపెట్టు" అన్నాడు. ఉక్కు కర్మాగారంలో చేసి రిటైరైనవాణ్ణి కదా, ఎలమంచిలిలో గేటు వెల్డింగు దగ్గర్నుంచి వాటర్ ట్యాంకు స్టాండు దాకా అన్నీ నన్నే అడుగుతారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఎక్కడ చీకటి పడితే అక్కడ పడుకోవడం. సన్యాసం లాంటిదే కదా" అని కూడా అన్నాడు.

ముందు బరువు సంగతి చెప్పేస్తాను. ఈ టెంట్లు రెండు రకాలు. పూర్తిగా గుడ్డతో మడతపడేది ఒకటి, గట్టి పెంకుతో పెట్టెలా తెరుచుకునేది ఇంకొకటి. పెంకుది ఖరీదెక్కువ, తెరవడం తేలిక. ఇద్దరికి సరిపడేది సుమారు 50 కిలోలు తూగుతుంది, ఇంకా ఎక్కువా తూగొచ్చు. దాని కింద అడ్డంగా బిగించే రాడ్ల బరువు వేరు. కారు ఆగి ఉన్నప్పుడు పైకప్పు మోసే బరువు ఒకటి, లంబసింగి ఘాట్‌లో మలుపు తిరుగుతున్నప్పుడు మోయగలిగేది ఒకటి. రెండోది చాలా తక్కువ. ఆ అంకె కారు మాన్యువల్లో చూడాలి, టెంటు అమ్మేవాణ్ణి అడిగి లాభం లేదు. కొన్ని కార్ల మీద కనిపించే రెయిలింగులు ఉత్త సోకు. వానలో తడిసిన టెంటును అలాగే మడిచి ఉంచితే మన సముద్రపు గాలికి బూజు పట్టి తీరుతుంది. వాడు చూపించినవాటిలో చవకదే లక్షకు దగ్గరగా ఉంది. నేలమీద వేసే మామూలు టెంటు అయిదు వేల లోపు వస్తుంది.

"మరి మిగతా డబ్బు దేనికిరా?" అన్నాను.

"నేల తగలదు. పాములు, తేళ్లు, బురద గొడవ లేదు. ఎవర్నీ జాగా అడగక్కర్లేదు."

పాముల సంగతి నేను కాదనను, మా వైపు జీడితోటలు నాకు తెలుసు. ఆ చివరి మాటే నాకు అడ్డం పడింది.

నిజానికి ఆ సన్యాసం మాటకు వాడికి ఆయుధం అందించింది నేనే. బ్రహ్మవైవర్త పురాణంలో లోమశ మహర్షి కథ చెప్పాను. విశ్వకర్మ చేత భవనం మీద భవనం కట్టించుకుంటున్న ఇంద్రుడి సభకు ఆయన నెత్తిన ఒక చాప పెట్టుకుని వస్తాడు. ఆయువు కొంచెమే, ఇల్లెందుకు, ఎండకూ వానకూ ఈ చాప చాలు అంటాడు. ఇంద్రులు పుట్టి పోతున్నా తాను మిగిలే మనిషి అనే మాట అది! మావాడు ఎగిరి గంతేశాడు. నెత్తిమీద పడక, ఇంకేం కావాలి? ఆ చాపకు రాడ్లు లేవురా అన్నాను గానీ, అది జవాబు కాదు. బరువు తగ్గించి అలాంటిదే తయారుచేస్తే అప్పుడు సన్యాసమైపోతుందా?

మన సంప్రదాయాల్లో ఇల్లు వదిలినవాళ్లు వస్తువులు తగ్గించుకున్నమాట నిజమే. నాకు అంతకంటే పెద్దగా కనిపించేది వాళ్లు ఊరితో పెట్టుకున్న బంధం. ఇక్కడికి దగ్గర్లో అనకాపల్లి పక్కన శంకరం అనే బౌద్ధ క్షేత్రం ఉంది. బొజ్జన్నకొండ మీద రాతిలో తొలిచిన స్తూపాలు, గుహలు. 20వ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ తవ్వించాడు. అక్కడ నిలబడి చూస్తే కింద పొలాలు, ఊళ్లు కనిపిస్తాయి. భిక్షువుల విహారం ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు. వండుకోకూడదు, దాచుకోకూడదు. రోజూ పొద్దున్నే గిన్నె పట్టుకుని ఊళ్లోకి దిగాల్సిందే. అష్టశీలాల్లో ఎత్తైన పడక వద్దని ఒక నియమం ఉంది. అది కారు పైకప్పును ఉద్దేశించి పెట్టింది కాదులెండి, అయినా నాకు నవ్వొచ్చింది.

భాగవతంలో శుకుడు నేలే పాన్పు, చేతులే తలగడ, గుహలే ఇల్లు అనే అర్థంలో చెబుతాడు, ధనమదాంధుల గుమ్మం ఎందుకు తొక్కాలంటాడు. ఆ శుకుడే గృహస్థుల వాకిట్లో ఆవు పాలు పితికినంతసేపు నిలబడేవాడట. ఆయన కాదన్నది మదాన్ని, మనుషుల్ని కాదు. ఇప్పటికీ కార్తీకం వస్తే మన జాతీయ రహదారి మీద శబరిమల వెళ్లే వ్యాన్లు కనిపిస్తాయి. మాల వేసుకున్నవాళ్లు మండలం రోజులూ నేలమీదే పడుకుంటారు. దారిలో ఏ గుడి మండపం దగ్గరో ఆగి "స్వామీ, ఇక్కడ పడుకోవచ్చా" అని అడుగుతారు. యూదులు ఏటా ఏడు రోజులు ఆకుల కప్పు వేసిన పందిట్లో గడుపుతారు. అక్కడికి అతిథుల్ని పిలవడం వాళ్ల ఆచారం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ రాత్రి మా వీధిలో రేకుల ఇళ్లవాళ్లందరూ స్లాబు ఇళ్లలో పడుకున్నారు. వద్దన్నవాళ్లు లేరు. అడగడానికి సిగ్గుపడినవాళ్లూ లేరు. నేను చూసిన రాత్రుల్లో మతం అనదగ్గది అదే.

ఇంతవరకు విన్న మావాడు మెల్లగా అన్నాడు: "మావయ్యా, జాగా అడిగితే ముందు ఏ కులం అని అడుగుతారు. నీకు మండపం ఇచ్చే ఊరు నా ఫ్రెండుకి ఇవ్వదు."

దెబ్బ సరిగ్గా తగిలింది. భిక్షువు ఏ గుమ్మమూ వదలకుండా వరసగా ఇంటింటికీ వెళ్లాలన్న నియమం ఉండేది, ఉన్నవాళ్ల ఇల్లు, లేనివాళ్ల ఇల్లు అన్న తేడా లేకుండా. ఆ వరసను మన ఊళ్లు నిలబెట్టుకోలేదు. ఆ ప్రశ్న ఎదురయ్యేవాళ్లు, ఒంటరిగా తిరిగే ఆడవాళ్లు, ఎవర్నీ అడగకుండా ఎత్తున పడుకుంటామంటే నేను తప్పుపట్టను. వాళ్లకు ఆ లక్ష రూపాయలు దండగ కాదు.

మావాడికి మాత్రం నేల టెంటే చెప్పాను. అడిగితే కాదనిపించుకునే భయం వాడికి లేదు, బద్ధకమే ఉంది.

మీరు కొనేదేదైనా సరే, దాన్ని వైరాగ్యం అనకండి, విహారం అనండి, అందులో తప్పేం లేదు. వంజంగి కొండకు వెళ్లినా రేవుపోలవరం తీరానికి వెళ్లినా ఆ నేల ఎవరిదో కనుక్కుని, అడిగి వెయ్యండి. పొద్దున్న బయల్దేరే ముందు నిప్పు ఆర్పి, ప్లాస్టిక్ అంతా మీ కారులోనే తెచ్చుకోండి.