ముఖరోమ నిర్మూలనము

స్త్రీముఖమున మొలచు మీసమును గూర్చి గంభీరముగా వ్రాయబూనుట కొందరికి హాస్యాస్పదముగా తోచవచ్చును. హాస్యమే ఈ విషయమునకు మొదటినుండి పట్టిన పీడ. తల్లి తన కుమార్తెతో దీనిని గూర్చి బిగ్గరగా మాటలాడదు. సెనగపిండియు పసుపును కలిపి పెదవిపైన రుద్దును. అది చాలకున్న దారముతో తీయువారియొద్దకు చాటుగా తీసికొనిపోవును. పెండ్లిచూపులనాడు వెలుగు సూటిగా మొగముపై పడని చోట కూర్చుండబెట్టును. ఇంత మౌనముగా అనుభవింపబడు కష్టము ధర్మవిచారమునకు అర్హము కాదని మేము తలంపజాలము.

ఈ సిగ్గు నేటి అద్దములు పుట్టించినది కాదు. మనుస్మృతి తృతీయాధ్యాయమున వివాహమునకు తగని కన్యలను ఎన్నుచు అతిరోమములు గల కన్యను చేర్చినారు. బొత్తిగా రోమములు లేని కన్యయు ఆ పట్టికలోనే కలదు! అనగా ఆడుపిల్ల యొడలి వెండ్రుకలకు సయితము ఇంతకు తక్కువ కారాదు, ఇంతకు మించరాదు అను హద్దు ఏర్పడినది. ఆ ప్రకరణమున వరుని శరీరపరీక్ష లేదు. పుస్తకమును ఎరుగనివారు కూడ ఆ హద్దును మాత్రము ఎరుగుదురు. మా తరగతిలో ఒక బాలిక నవ్వు వచ్చినప్పుడెల్ల అరచేయి నోటికి అడ్డము పెట్టుకొనెడిది. అది వినయమని మేము తలంచుచుంటిమి. బాలురు ఆమెకు పెట్టిన పేరు చెవిని పడిన పిమ్మటగాని ఆ చేయి యెందులకు లేచుచున్నదో తెలియలేదు.

విద్యుత్తుచేత రోమమును సమూలముగా నశింపజేయు పద్ధతి చాల కాలముగా ఉన్నది. అమెరికా దేశమున సెంట్ లూయిస్ నగరమందలి నేత్రవైద్యుడు చార్లెస్ మిషెల్ దీనిని 1875లో ప్రకటించెను. ఆయన ఉద్దేశము సౌందర్యము కాదు. కొందరికి రెప్పవెండ్రుకలు లోపలివైపునకు తిరిగి పెరిగి కనుగ్రుడ్డును ఒరయుచుండును. పెరికినకొలది మరల మొలచును. అట్టి వెండ్రుక మొలచు కూపములోనికి సన్నని సూదిని దింపి, బ్యాటరీనుండి విద్యుత్తును ప్రసరింపజేసినచో అది మరల రాదని ఆయన చూపెను. శరీరమందలి ఉప్పునీరు విద్యుత్తు తగిలినంతనే విడిపోయి సూదియొద్ద క్షారము పుట్టును. సబ్బు కాచువారు వాడు కాస్టిక్ సోడాయే అది. వెండ్రుకను పుట్టించు కణములను ఆ క్షారము కరగించును. తరువాత శ్రావణముతో పట్టి లాగిన వెండ్రుక పెనుగులాట లేక జారివచ్చును. క్షారమునకు బదులు వేడిచేత కుదురును మాడ్చు పద్ధతియు, రెంటిని కలిపిన పద్ధతియు పిమ్మట వచ్చినవి. సూది మాత్రము మారలేదు. ఒక్కొక్క వెండ్రుకకు ఒక్కొక్క పోటు.

ఇక్కడనే కాలము ప్రవేశించుచున్నది. వెండ్రుకలన్నియు ఒకేసారి పెరుగవు. కొన్ని పెరుగుచుండును, కొన్ని రాలుటకు సిద్ధమగుచుండును, కొన్ని చర్మము క్రింద నిద్రించుచుండును. నేడు పెదవిమీద కానవచ్చినవానిని అన్నిటిని చంపినను, నిద్రించుచున్నవి రెండు మూడు నెలలకు లేచివచ్చును. అందుచేత వారమునకొకమారో పక్షమునకొకమారో పోవుచు, ఒక సంవత్సరము మొదలు రెండు మూడు సంవత్సరముల వరకు ఈ పని సాగవలసియుండును. నొప్పి కలదు. తీసిన చోట కొన్ని గంటలో, ఒకటి రెండు దినములో ఎఱ్ఱదనమును వాపును నిలుచును. చేయి తిరుగనివారు చేసినచో మచ్చలు పడును. మనవంటి నల్లని చామనచాయ చర్మమున ఆ మచ్చలు మరింత కాలము నిలుచును.

వీటన్నిటికంటె మమ్ము ఆలోచింపజేసిన సంగతి వేరొకటి కలదు. సూది వేయుటకు ముందు వెండ్రుక శ్రావణమునకు అందునంత పెరిగియుండవలెను. నడుమ దానిని పెరికివేసిన పని చెడును. అనగా దేనిని లోకమునకు చూపజాలక ఆమె ఈ కష్టమునకు ఒడిగట్టినదో, దానినే మొగమున నిలుపుకొని ప్రతిమారు కొన్ని దినములు లోకములో తిరుగవలెను. కొళాయియొద్దకు, బడికి, కచ్చేరికి ఆ మొగముతోనే పోవలెను. సిగ్గును పోగొట్టుకొను త్రోవ సిగ్గు నడుమనుండియే పోవుచున్నది. దీనిని వట్టి అలంకారలోలత్వమని యెవరైన అన్నచో వారు అలంకారమునే ఎరుగరని చెప్పవలసివచ్చును. అలంకారము నాటి సాయంకాలమునకే ఫలించును.

ఈ ఆలస్యమును తప్పించుకొన జూచినవారి కథ కూడ చెప్పదగినది. 1895లో ఎక్స్ కిరణములు కనుగొనబడగా, మరుసటి సంవత్సరమే వియన్నా నగరమున ఫ్రాయిండ్ అను వైద్యుడు వానిచేత వెండ్రుకలు రాలునని చూపెను. 1920లలో అమెరికాలో సౌందర్యశాలలు వేలకొలది స్త్రీల ముఖములపై ఆ కిరణములను ప్రసరింపజేసినవి. నొప్పి లేదు, సూది లేదు. ఏండ్లు గడచిన పిమ్మట అనేకులకు చర్మము ముడుతలు పడి పుండ్లయ్యెను. కొందరికి క్యాన్సరు కలిగెను. 1930ల ప్రారంభమున థాలియమను విషముతో చేసిన లేపనమొకటి అక్కడనే అమ్ముడుపోయి, పూసికొన్నవారిని అవిటివారిని చేసెను. ఇప్పటి లేసరు పద్ధతి వీనివంటిది కాదు, చాల మేలైనది. అయినను అది రోమముయొక్క నల్లదనమును ఆశ్రయించి పనిచేయును గనుక నెరసిన వెండ్రుకపై పనిచేయదు. అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ లేసరును శాశ్వతముగా ‘తగ్గించునది’ అని మాత్రమే చెప్పనిచ్చును. శాశ్వతముగా ‘తొలగించునది’ అనుమాట ఈ సూదిపనికే చెల్లినది.

ప్రకృతి ఇచ్చినదానిని తీయరాదని వాదించువారికి మేము ఎక్కువ ప్రత్యుత్తరమీయము. వారిలో పెక్కురు ఆ వాదమును నున్నగా గొరిగిన గడ్డముతోనే చేయుచున్నారు.

సంస్కారప్రియుల ఆక్షేపణ అట్లు త్రోసివేయదగినది కాదు. వారనునదేమనగా: దోషము వెండ్రుకలో లేదు, చూచు కన్నులో నున్నది, స్త్రీ తన మొగమును దిద్దుకొన్నచో ఆ కన్నుకు లొంగినట్లగును. ఇంగ్లాండు దేశమున హర్నామ్ కౌర్ అను ఆమె గ్రంథిదోషమువలన చిన్ననాడే వచ్చిన గడ్డమును తీయక ఉంచుకొని, దానితోనే సభలలో నిలిచి మాటలాడుచున్నది. ఆమె ధైర్యమునకు మేము నమస్కరింతుము. కాని ధైర్యము ఒకరు తనకు తాను విధించుకొనునదే గాని ఒరులు విధింపదగినది కాదు. సంఘపు దృష్టి మారవలెననుట నిజము. ఆ యుద్ధమునకు మొదటి వరుసలో పదునేడేండ్ల పిల్లను నిలువబెట్టి, వెనుకనుండి మనము వ్యాసములు వ్రాయుచుందుమా? పెదవిపై ఏమియు మొలవనివారు చేయు ఉపదేశమునకు విలువ తక్కువ.

అయినను ఆ ఆక్షేపణలో ఒక భాగము మా మనస్సును వదలలేదు. కోరిక ఎవరిది? తల్లి యిచ్ఛయా, రాబోవు అత్తవారి యిచ్ఛయా, పిల్ల యిచ్ఛయా? ముహూర్తమునకు ముందు మూడు నెలలలో మొగము నునుపు కావలెనని బలవంతపెట్టు ఇండ్లు కలవు. మూడు నెలలలో ఈ పని తీరదు. ఒరుల ఒత్తిడి మనిషిని నాలుగు మారులు ఆ బల్లమీద పరుండబెట్టగలదు గాని, నూరవమారు పరుండబెట్టుట కష్టమని మేము మొదట అనుకొంటిమి. తరువాత ఆలోచింపగా, భయమునకు కూడ చాల ఓపిక కలదని తోచినది. కావున ఎంత కాలము భరించినదను దానినిబట్టి కోరిక ఎవరిదో నిర్ణయింపజాలము. ఆమెను అడిగియే తెలిసికొనవలెను, అదియు వద్దనుటకు వీలున్నప్పుడు అడుగవలెను.

పుట్టుకతో మగవారని వ్రాయబడి స్త్రీలుగా జీవించువారిని ఈ విషయమున మరచుట న్యాయము కాదు. 2014లో సర్వోన్నత న్యాయస్థానము తమ లింగమును తాము నిర్ణయించుకొను హక్కు వారికి కలదని తీర్పుచెప్పినది. స్త్రీహార్మోనులు సేవించినను ఒకమారు దట్టమైన గడ్డము వానితో పోదు. అట్టివారికి ఈ పని వందలాది గంటలు పట్టవచ్చును; గంటగంటకు రూకలు చెల్లింపవలెను. తీర్పు ఒక దినమున వచ్చినది; మొగము మాత్రము ఒక్కొక్క వెండ్రుకగా వారి వశమగుచున్నది. ఆ నడుమ సూదికొరకు పెంచిన గడ్డముతో బస్సు ఎక్కినప్పుడు పడు మాటలను వారు ఒంటరిగానే వినుచున్నారు.

గృహస్థులకు చెప్పవలసినది కొంచెమే కలదు. ముఖమున వెండ్రుకలు హఠాత్తుగా పెరిగినను, నెలసరి తప్పుచున్నను మొదట వైద్యుని చూడవలెను. అండాశయములకు సంబంధించిన దోషమున్నచో ఒకవైపు సూది చంపుచుండగా మరియొకవైపు క్రొత్తవి మొలచుచుండును. సూది పట్టువారు ప్రతి మనిషికి క్రొత్త సూది వాడుచున్నారా యని విచారింపవలెను. పిల్ల ఈ పనికి పూనుకొన్న పిమ్మట, వెండ్రుక పెరుగుటకు విడిచిన ఆ మూడు నాలుగు దినములలో ఇంట ఎవరును ఆమె పెదవివంక చూచి మాటలాడకుందురుగాక. చుట్టములు వచ్చినచో కాఫీ తట్ట ఆమె చేతికే ఇచ్చి పంపనక్కరలేదు. తానే తీసికొనిపోయెదనన్నచో ఆపనక్కరయు లేదు.