సుత్తె దించిన కమ్మరి
ధ్యానభాగములు: ఆదికాండము 2:15, లూకా 3:10–14



బాప్తిస్మమిచ్చు యోహాను మారుమనస్సును గూర్చి బోధించినప్పుడు, తామేమి చేయవలెనని జనులు అతని నడిగిరి. అతడు అంగీలను గూర్చియు, ఆహారమును గూర్చియు చెప్పెను. సుంకరులతో సుంకమును గూర్చి, సైనికులతో జీతమును గూర్చి మాటలాడెను. అనగా ఎవని మారుమనస్సు వాని వృత్తిలోనే కనబడవలెను. ఇందుకు దృష్టాంతముగా ఒక కమ్మరి సంగతి ఈ మాసము మనవి చేయుచున్నాము.

అమెరికాలోని కాలిఫోర్నియాయందు ఇవోన్ షునార్డ్ అను యువకుడు 1957లో ఒక పాత కొలిమిని కొని, కమ్మరము తనంతట తానే నేర్చుకొనెను. కొండలెక్కువారు బండ నెఱ్ఱెలలో దిగగొట్టి త్రాడు తగిలించుకొను ఉక్కు మేకులను చేసెను. మునుపటి మెత్తని ఇనుప మేకులు బండలోనే విడువబడుచుండెను. ఇతనివి పెరికి మరల మరల వాడదగినవి. 1970 నాటికి ఆ దేశములో ఇట్టి పనిముట్లు అమ్మువారిలో ఇతని సంస్థయే పెద్దదాయెను.

అయితే దిగగొట్టుట, పెరుకుట, మరల దిగగొట్టుట! యోసెమిటీ లోయలోని ప్రఖ్యాత శిలలు నెఱ్ఱెల వెంబడి చిట్లిపోసాగెను. వ్యాపారములో నూటికి సుమారు 70 పాళ్లు మేకులదే. అయినను అతడును, భాగస్థుడగు టామ్ ఫ్రాస్టును వాటిని విడువ నిశ్చయించిరి. 1972లో తమ సరకుల పట్టికలోనే ఆ హానిని ప్రకటించి, సుత్తె లేకుండ చేతితో ఇరికించి చేతితోనే తీయదగిన అల్యూమినియపు బిళ్లలను చూపిరి. కొలది నెలలలో మేకుల బేరము సన్నగిల్లెను, బిళ్లలకు గిరాకి పెరిగెను. కాని నిశ్చయించిననాడు ఈ ఫలితము వారెరుగరు.

గమనించుడి: అతడు పని మానలేదు, పనిముట్టును మార్చెను. 1973లో అతడు స్థాపించిన పేటగోనియా అను వస్త్రసంస్థ 1996లో తన ప్రత్తి వస్త్రములన్నిటికి రసాయనపు పురుగుమందులు లేక పండిన ప్రత్తినే వాడ మొదలిడెను. 2011లో తాను అమ్ము కోటునే కొనవద్దనియు, అక్కరలేనిది కొనక, ఉన్నదానిని బాగుచేసికొనవలెననియు వార్తాపత్రికలో ప్రకటించెను.

అంతటితో దోషము తీరెనా? తీరలేదు. చలికోట్లకు వాడు కృత్రిమ వస్త్రములు ఉతికినప్పుడెల్ల సన్నని పోగులు నీటిలో కలియుచున్నవి. నీరంటకుండ బట్టలకు పూయుచు వచ్చిన ఫ్లోరిన్ రసాయనములు నేలలోను నీటిలోను బహుకాలము చెడక నిలుచును. మారుమనస్సు ఒక్క దినపు పని కాదు.

దేవుడు ఆదామును తోటలో ఉంచినది దానిని సేద్యపరచుటకు మాత్రమే కాదు, కాచుటకును. గుంటూరు, వరంగల్లు ప్రాంతముల ప్రత్తి రైతులకు మందుల ఖర్చును, వాటి వాసనను మేము వర్ణింపనక్కరలేదు. రేపే చేను విడువుడని మేము చెప్పుట లేదు. ఒక మడిలోనైనను మందు తగ్గించి చూడుడి. పండుగకు క్రొత్తబట్టలు కొనకముందు పెట్టె తెరచి చూడుడి. చినిగినదానిని కుట్టుకొనుడి, రెండవ అంగీ ఎవరిదో యోహాను మునుపే చెప్పియున్నాడు.

మనకు అన్నము పెట్టుచునే దేవుని సృష్టిని గాయపరచు సుత్తె మన చేతిలో ఏది? దానిని చూచుటకు కన్నులను, దించుటకు ధైర్యమును, దానికి బదులు వేరొకటి చేసికొను జ్ఞానమును ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.