తేనెపిట్టయు రేపటి చింతయు

ధ్యానభాగము: మత్తయి 6:25–34, 10:29–31



కొండమీది ప్రసంగములో చింతను గూర్చి ప్రభువు పలికిన మాటలు మన సంఘములలో రానివారుండరు. పంట పోయిన యేట ఇంటి ప్రార్థనకు కూడినప్పుడు ఆ భాగమునే తెరచుచుందుము. అయితే చింతింపవలదన్న మాటకు మనము పరుగెత్తుదుము గాని, దానితోకూడ ప్రభువు అప్పగించిన పని యొకటి గలదు, దానిని దాటిపోవుదుము. పక్షులను చూడుమని ఆయన చెప్పెను. అచ్చట సువార్తికుడు వాడిన గ్రీకు మాటకు ఊరక కన్ను వేయుట అని అర్థము కాదు, తేరిచూచుట అని అర్థము. రెండు వచనముల తరువాత అడవిపువ్వులను గూర్చి వాడిన మాట ఇంకను గట్టిది. బడిపిల్లవాడు పాఠము నేర్చునట్లు చక్కగా నేర్చుకొనుడని దాని భావము. ఇది ఆజ్ఞయే. దశమభాగమిచ్చితిమా అని మనలను మనము అడుగుకొందుము. పక్షులను చూచితిమా అని ఎవరడుగుకొందురు?

మన సంఘపు యౌవనస్థుడొకడు నాలుగేండ్లుగా హైదరాబాదులో, ఎర్రమంజిల్ ప్రాంతమున మేడమీది గది యొకటి అద్దెకు తీసికొని, అమీర్‌పేటలో ఒక దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాడు. రెండేండ్లు వరుసగా పత్తి పోగా తండ్రి చేసిన అప్పు తీర్చుటకు వెళ్లినవాడు. సాయంకాలము అలసి వచ్చి సెల్‌ఫోనులో హమ్మింగ్ బర్డ్ అను పిట్టల బొమ్మలు చూచుట అతనికి అలవాటాయెను. అలవాటు ప్రేమయై, ప్రేమ చదువాయెను. సెలవుకు వచ్చినప్పుడు అతడు చెప్పినది వినుచు మేము భోజనము మరచితిమి. ఆ పిట్టలలో సుమారు 360 జాతులున్నవట. అన్నియు అమెరికా ఖండములలోనే గాని మరెచ్చటను లేవు. క్యూబా ద్వీపమున నుండునది అన్నిటికంటె చిన్నది, తూకము సుమారు 2 గ్రాములు. మన పాత అల్యూమినియము పది పైసల బిళ్ల తూగునంత! పువ్వు మీద వ్రాలక, గాలిలోనే నిలిచి తేనె త్రాగును, వెనుకకును ఎగురగలదు. ఎఱ్ఱకంఠము గల జాతి యొకటి మూడు గ్రాముల పిట్టయే గాని, చలికాలమునకు ముందు క్రొవ్వు కూడబెట్టుకొని ఇంచుమించు రెట్టింపు బరువై, మెక్సికో సింధుశాఖమీదుగా 800 కిలోమీటర్లు ఆగక దాటిపోవును.

చివరకు అతడు, “అయ్యగారూ, ఇంత చక్కని పిట్టను దేవుడు మన దేశమునకు ఎందుకియ్యలేదండి?” అని అడిగెను.

నీ గది యెదుట ఏమున్నదో చూచితివా అని మేమతని నడిగితిమి. ఎర్రమంజిల్ అనగా మెట్రో స్తంభములు, దుకాణములు, వాహనముల పొగ అని మనకు తోచును. కాని ఆ పేరులోనే పరదైసు గలదు. 1870 ప్రాంతమున నవాబు ఫఖ్రుల్ ముల్క్ అక్కడి గుట్టమీద గొప్ప నగరు కట్టించెను. గుట్టను బట్టి తెలుగువారు ఎర్రమంజిల్ అనునట్లును, పారసీకము తెలిసినవారు స్వర్గమను అర్థము వచ్చునట్లు ఇరం మంజిల్ అనునట్లును ఆయన ఆ పేరు పెట్టెనని చెప్పుదురు. వందకు మించిన గదులు గల ఆ నగరు తరువాత ప్రభుత్వపు కార్యాలయమాయెను. దానిని తీసివేసి శాసనసభ కట్టవలెనని 2019లో ప్రభుత్వము తలపెట్టగా, ఆ సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసెను. మనుష్యులు దానిని గూర్చి వాదించుచుండగా, ఆ చుట్టుపట్ల మందార పొదలలోను మునగచెట్లలోను తేనెపిట్టలు తమ పని తాము చేసికొనుచునే యున్నవి.

తేనెపిట్టను మీరందరు ఎరుగుదురు. అరటిపువ్వు దగ్గర, మోదుగు పూచినప్పుడు అడవిలో కనబడునదే. బొటనవ్రేలంత దేహము, వంగిన సూదివంటి ముక్కు. మగదానికి జత కట్టు కాలమున నల్లగా, ఎండలో ఊదాగా నీలముగా మెరయు ఈకలుండును. ఆ కాలము గడువగానే ఆ మెరుగు పోయి, గొంతుక్రింద నల్లని గీత మాత్రము మిగిలి, ఆడదానివలె పచ్చగా నగును. హమ్మింగ్ బర్డునకు ఇది చుట్టము కాదు; పిచ్చుకకు దగ్గరిది. పువ్వులోని తేనె త్రాగు పని రెంటికి ఒక్కటే గనుక, సముద్రమునకు ఆ దరిని ఈ దరిని వేర్వేరు కుటుంబములకు ఒకే విధమైన పనిముట్టు కలిగినది. మనది గాలిలో కొద్దిసేపు నిలువగలదు గాని, కొమ్మ పట్టుకొని త్రాగుటయే దానికిష్టము. దొడ్డిలో హమ్మింగ్ బర్డును చూచితిమని పలువురు మాతో చెప్పియున్నారు. వారు చూచినది తేనెపిట్టయైనను కావలెను, సంజవేళ పువ్వులమీద రెక్కలాడించుచు నిలుచు పెద్ద చిమ్మటయైనను కావలెను. చిన్న విషయమేగదా అనవద్దు. ఆదాము ఎదుటికి దేవుడు జంతువులను పక్షులను తెచ్చి పేరు పెట్టనిచ్చెను. ఇంటిముందరి దానికి పొరుగుదేశపు పేరు పెట్టినయెడల దానిని మనమింకను చూడలేదన్నమాట.

ఇట్లు చూచుట వృథా కాలక్షేపమని మన పెద్దలలో కొందరందురు. అతని తల్లియు, “పిట్టల పిచ్చి పట్టినాది, అయ్యగారూ” అని వాపోయెను. అయితే చూచినవారి వలననే మనకు తెలిసినది. నిజాము ప్రభుత్వము సొమ్ము ఇయ్యగా 1931, 1932 సంవత్సరములలో సలీం ఆలీ గారు హైదరాబాదు సంస్థానమంతట తిరిగి పక్షులను లెక్క వ్రాసిరి. పువ్వులకును పక్షులకును గల సంబంధమును గూర్చి ఆయన 1932లో వ్రాసిన వ్యాసములో తేనెపిట్టలకు చోటు గలదు. 1980లో హైదరాబాదులో పక్షులను చూచువారు ఒక సంఘముగా కూడుకొని, తమ పత్రికకు ‘పిట్ట’ అని పేరు పెట్టిరి. తెలియనివారికొక మాట: ఈ తెలుగు మాటనే ఐరోపా పండితులు తీసికొని ఒక పక్షిజాతికి లోకమంతటికి చెల్లు పేరుగా నియమించిరి. మన భాషనుండి అంత దూరము వెళ్లిన మాటలు ఎన్నియున్నవి గనుక?

ఆ సహోదరుడు చూడ నారంభించెను. అతని గదిముందర బట్టలారవేయు తీగె చివరను ఆడపిట్ట గూడు కట్టుచుండెను. సాలెగూడు దారములు, గడ్డిపరకలు, ఎండిన ఆకుతునకలు, గొంగళిపురుగుల పెంట, కాగితపు ముక్కలు తెచ్చి, సంచివలె వ్రేలాడు గూడు అల్లి, ద్వారముపైన చిన్న చూరును వేసెను. చూచువానికి చెత్త వ్రేలాడుచున్నట్లేయుండును, దానికదియే కాపుదల. మగపిట్ట గూటికి ఒక్క పరకయైనను తేలేదు. అది మెట్లప్రక్క కిటికీ అద్దములో తన నీడను చూచి, మరియొక మగపిట్ట వచ్చెననుకొని, దినములతరబడి ముక్కుతో పొడుచుచుండెను. (సంఘపెద్దల కూటములలో కూర్చున్నవారమైన మేము దానిని తప్పుపట్టజాలము.) అయితే పిల్లలు పుట్టినతరువాత అదియు మేత తెచ్చుటకు దిగెను.

ఇక్కడ అతడు ఆశ్చర్యపడిన సంగతి యొకటి గలదు. తేనెపిట్ట తన పిల్లలకు తేనె పెట్టి పెంచదు. సాలెపురుగులను, చిన్న పురుగులను ఏరితెచ్చి పెట్టును. ఎదుగు దేహమునకు తీపి చాలదు. తెల్లవారినది మొదలు ప్రొద్దు క్రుంకు వరకు ఆ తల్లి ఎన్ని మారులు వచ్చిపోవునో లెక్కించబోయి, దుకాణమునకు వేళయగుటచేత సగములో విడిచితినని అతడు వ్రాసెను. పక్షులు విత్తవు, కోయవు అని ప్రభువు చెప్పినదానిని పట్టుకొని, అవి కూర్చుండి తినునని తలంచువారు ఒక్క ఉదయము గూటియొద్ద నిలువవలెను. తండ్రి పోషించుట అనగా నోటిలో పెట్టుట కాదు. వెదకుటకు రెక్కలను, వెదకినచోట మేతను ఉంచుట.

ఒకనాటి ఉదయము రెండు పిల్లలలో ఒకటి గూటిక్రింద సిమెంటు నేలమీద చచ్చిపడియుండెను. చీమలు పట్టియుండెను. ఆ దినమున అతడు మాకు ఫోను చేసి, “అయ్యగారూ, తండ్రి పోషించునంటిరి గదా, మరి ఇదేమిటండి?” అనెను. అతడు పిట్టను గూర్చి మాత్రమే అడుగుటలేదని మాకు తెలియును. పత్తిచేనిని గూర్చి అడిగెను. అప్పుపత్రము చేతపట్టుకొని అరుగుమీద కూర్చున్న తండ్రిని గూర్చి అడిగెను. మన గ్రామములలో ఈ ప్రశ్న అడుగని ఇల్లు ఏది?

దీనికి తేలిక జవాబు చెప్పువారు ప్రభువు మాటను సగమే చదివినవారు. పిచ్చుకలు పడవని ఆయన ఎన్నడును చెప్పలేదు. పదియవ అధ్యాయములో, పడునవి పడుచున్నవని ఒప్పుకొనియే, వాటిలో ఒకటైనను తండ్రి లేకుండ పడదని చెప్పెను. ఆ కాలమున బీదవారు కొనుక్కొని తిను మాంసమది. మత్తయి లెక్కప్రకారము ఒక కాసుకు రెండు; లూకా లెక్కప్రకారము రెండు కాసులకు అయిదు. అనగా నాలుగు కొన్నవానికి అయిదవది ఊరక కొసరుగా వేయుదురు. వెలలేని ఆ అయిదవదానినియు దేవుడు మరువడని లూకా వ్రాసెను. సలీం ఆలీ గారు 1985లో ప్రకటించిన తన జీవితకథకు పిచ్చుక నేలబడుట అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. బాల్యమున తాను కాల్చి పడగొట్టిన ఒక పిచ్చుకయే ఆయనను ఈ విద్యకు తెచ్చెను. పడిన పిచ్చుకను చేతిలోనికి తీసికొని, దాని గొంతుమీది పసుపుమచ్చను చూచి ఇదేమి పక్షియని అడిగిన బాలుడాయన.

కనుక మేమతనితో, నీవు ఆ పిల్లను ఏమి చేసితివని అడిగితిమి. కుండీలో మన్ను తీసి పాతితినని చెప్పెను. చీమలు పట్టిన కొసరు పిట్టను గూర్చి మనుష్యుడు ఇంత చేయగా, తండ్రి దానిని ఎరుగడని ఎట్లందుము? అప్పు ఆ మాటతో తీరదు. తండ్రి లేనిచోట అది మనమీద పడలేదని మాత్రము చెప్పగలము. అది చిన్నమాట కాదని రాత్రియందు నిద్రపట్టనివారికి తెలియును.

అతడే చెప్పిన మరియొక సంగతి వ్రాసెదము. ఆ హమ్మింగ్ బర్డు మరునాటికి సరిపోవు బలమైనను దేహములో పెద్దగా నిలువచేసికొనలేదు. చలిరాత్రులలో అది చచ్చినదానివలె మొద్దుబారి నిద్రించును. పగలు నిమిషమునకు వేయిసార్లు కొట్టుకొను గుండె యాభైసార్లకు దిగజారవచ్చును. పెరూ దేశపు ఆండీస్ పర్వతములలో ఒక పిట్ట దేహపు వేడి అట్టి నిద్రలో సుమారు 3 డిగ్రీలకు దిగెనని 2020లో ప్రకటించిరి. ఉదయమున వణకుచు, మెల్లగా వేడెక్కి, మరల ఎగురును. అనుదినాహారము నిమ్మని మనము ప్రార్థించునప్పుడు వారపు ఆహారమని గాని, నెల ఆహారమని గాని అడుగుటలేదు గదా. ఎడారిలో మన్నాయు ఒకనాటిదే. ఆ సహోదరుని తండ్రి నెలనెల కొంత కొంతగా అప్పు కట్టుచున్నాడు, ఇంకను మిగిలియున్నది.

గూటిలో మిగిలిన పిల్ల ఎగిరిపోయినది. ఎండకాలమున ఆ సహోదరుడు వారము సెలవుపై వచ్చుచున్నాడు. దేవాలయపు ఆవరణలోని మునగ పూతలో నున్నది గనుక, ఆదివారము ఉదయము ఆరు గంటలకు, ఆరాధనకు ముందు, సండేస్కూలు పిల్లలను అక్కడ నిలువబెట్టి తేనెపిట్టలను చూపుదునని చెప్పెను. పెద్దలును రావచ్చును. పిల్లలు ఒక పలకయో కాగితమో తెచ్చుకొనవలెను. ఉండేలు ఇంటనే విడిచిరావలెను. ఆ వారము ప్రక్క చేనిలో పురుగుమందు కొట్టు పని గలవారు, దయచేసి సోమవారమునకు పెట్టుకొనుడి.