చందనము బోధించు ధర్మము

విశాఖపట్టణ సమీపమున సింహాచల క్షేత్రమున వెలసిన శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరమంతయు చందనముచే కప్పబడి యుండును. వైశాఖ శుద్ధ తదియ, అనగా అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూప దర్శనము లభించును. అట్లయిన తక్కిన దినములలో సేవించినవారిది పూర్ణదర్శనము కాదా యను సందేహము పలువురు భక్తులకు కలుగుచుండును.

స్థలపురాణమును స్మరింతము. హిరణ్యకశిపుని ఆజ్ఞచే భటులు ప్రహ్లాదుని పర్వతముపైనుండి సముద్రమున పడద్రోయగా, స్వామి వచ్చి ఆ బాలుని రక్షించెను. హిరణ్యాక్షుని వధించిన వరాహమూర్తియు, హిరణ్యకశిపుని వధించిన నృసింహమూర్తియు ఏకరూపమున కనబడవలెనని ప్రహ్లాదుడు ప్రార్థింపగా స్వామి అట్లే వెలసెను. కాలక్రమమున పూజలు లేక మూర్తిపై పుట్ట పెరిగెను. పురూరవ చక్రవర్తి ఊర్వశితో గగనమార్గమున పోవుచు ఈ గిరిపై దిగి, స్వామిని కనుగొని, పుట్టమన్ను తొలగించెను. ఆ మన్నుకు బదులుగా చందనము పూయవలెనని అశరీరవాణి పలికెను. నేటికిని అక్షయ తృతీయనాడును, పిమ్మట వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలయందును మూడేసి మణుగుల చందనము సమర్పించు ఆచారము గలదు.

ఈ చందనమెందులకు? హిరణ్యకశిపు వధానంతరము స్వామి ఉగ్రత్వమును చూచి లక్ష్మీదేవియే సమీపింప వెనుదీసెనని భాగవతము చెప్పుచున్నది. అట్టి ఉగ్రమూర్తి మనబోటివారు దరిజేరుటకై చల్లని చందనము ధరించి కూర్చున్నాడు. నిజరూపము పరత్వము, చందనరూపము సౌలభ్యము. రెండును ఆయనవే. కావున నిత్యదర్శనమున కొరత యేమియు లేదు.

ఇచట నా అపరాధమొకటి విన్నవింపవలసియున్నది. నా యిరువదియైదవ యేట చందనోత్సవమునకు వెళ్లితిని. వరుసలో నా ముందు ఒక వృద్ధురాలు మెల్లగా అడుగులు వేయుచుండెను. ఆలస్యము సహింపలేక ఆమెను ప్రక్కకు నెట్టి ముందునకు పోతిని. ఆమె తూలి గోడను పట్టుకొని నావైపు చూచెను, ఒక్క మాటయు అనలేదు. సన్నిధిలో క్షణకాలము నిలిచితిని. నలువది యేండ్లు గడచినవి. ఆనాడు చూచిన దివ్యమూర్తి నాకు స్పష్టముగా జ్ఞప్తికి రాదు. ఆ తల్లి చూపు మాత్రము మరపునకు రాదు. ఆమెను క్షమాపణ కోరు భాగ్యమును నాకు లేకపోయెను.

ఆనాడు స్వామి నిజరూపము నాకు కనబడెను. నా నిజరూపము స్వామికి కనబడెను. లోకరక్షణకై కోపము వహించినవాడు దానిని మనకొరకు కప్పుకొనుచుండగా, స్వార్థమునకై కోపించు మనము దానిని ఆయన సన్నిధికే మోసికొనిపోవుట ఏమి భక్తి? ఒకరిని నెట్టి పొందిన దర్శనము కన్నులకే గాని హృదయమునకు చేరదు.

కావున యాత్రికులారా! కొండ యెక్కునపుడు ఒక గంధపు చెక్క కొనిపోయినను పోకున్నను, మన కోపముపై కొంత చందనము పూసికొని పోవుదము. ముందున్న వృద్ధులకు, పిల్లల తల్లులకు దారి యిత్తము. ఆ ఆలస్యము సైతము స్వామి సేవయే యగును.