నవ్వించే ప్రస్తావన, నమ్మే మనసు

‘ది సింప్సన్స్’ అమెరికాలోని ఫాక్స్ చానల్‌లో 1989 డిసెంబరు 17న మొదలైన యానిమేషన్ హాస్య ధారావాహిక. మ్యాట్ గ్రేనింగ్ సృష్టించిన ఈ పాత్రలు అంతకు రెండేళ్ల ముందే, 1987లో, ‘ది ట్రేసీ అల్‌మన్ షో’లో చిన్న తునకలుగా ప్రేక్షకులకు పరిచయమయ్యాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే కల్పిత పట్టణంలో హోమర్, మార్జ్ దంపతులు, వారి పిల్లలు బార్ట్, లీసా, మ్యాగీల కథ ఇది. సినిమాలు, పాటలు, పుస్తకాలు, పాత టీవీ కార్యక్రమాలు ఇందులో అడుగడుగునా తలపుకొస్తాయి. మతమూ అంతే విరివిగా కనిపిస్తుంది. ఈ కుటుంబం ఆదివారం చర్చికి వెళ్తుంది, భోజనానికి ముందు ప్రార్థన చేస్తుంది, ఆపద వస్తే దేవుణ్ణి పిలుస్తుంది. ఈ రెండు ధోరణులూ ఒకే సన్నివేశంలో కలిసినప్పుడు ఒక తాత్త్విక ప్రశ్న పుడుతుంది. పవిత్రమని నమ్మినదాన్ని సినిమా పాట సరసన నిలబెట్టి నవ్విస్తే దాని విలువ తగ్గుతుందా?

ప్రస్తావన పనిచేసే తీరును భారతీయ అలంకారశాస్త్రం ఏనాడో వివరించింది. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడి ధ్వని సిద్ధాంతం ప్రకారం, పైకి చెప్పిన అర్థం వెనక చెప్పని అర్థం ఒకటి మెరుస్తుంది. దాన్ని అందుకోవడానికి సహృదయుడు కావాలి. హాస్యంలో ప్రస్తావనకూ ఇదే షరతు వర్తిస్తుంది. మూలం తెలియనివాడికి అది మామూలు మాట, తెలిసినవాడికి తలుపు తీసినట్టు మరో కథ కనిపిస్తుంది. ఇలా నవ్వించాలంటే చెప్పేవాడికీ వినేవాడికీ ఉమ్మడి జ్ఞాపకం ఉండాలి. పవిత్ర గ్రంథం మీద చేసిన చమత్కారానికి జనం నవ్వారంటే, ఆ గ్రంథం వారి మనసుల్లో ఇంకా బతికే ఉందన్నమాట. మరచిపోయిన దేవుడి మీద హాస్యం పండదు.

1995 అక్టోబరు 8న ప్రసారమైన ‘బార్ట్ సెల్స్ హిజ్ సోల్’ దీనికి చక్కటి ఉదాహరణ. రచయిత గ్రెగ్ డేనియల్స్. చర్చిలో భక్తులకు పంచే కీర్తన కాగితాలను బార్ట్ మార్చేస్తాడు. అందరూ ఏదెను తోట గురించిన కీర్తన అనుకుంటూ, ఐరన్ బటర్‌ఫ్లై బృందం 1968లో విడుదల చేసిన సుదీర్ఘమైన రాక్ పాటను పాడేస్తారు. ఆర్గన్ వాయించే వృద్ధురాలు చివరికి సొమ్మసిల్లి పడిపోతుంది. ఆ పాట పల్లవి మొదట ఏదెను తోట గురించేననీ, గాయకుడి నోట మాటలు ముద్దగా రావడంతో అర్థంలేని శబ్దాలుగా స్థిరపడిందనీ రాక్ సంగీత ప్రియులు చెప్పుకుంటారు. ఆ సంగతి తెలిసినవారికి బార్ట్ అల్లరిలో మరో పొర కనిపిస్తుంది. చర్చి నుంచి దూరమైన మాటను ఈ పిల్లవాడు తనకు తెలియకుండానే మళ్లీ చర్చిలోకి తెచ్చాడు.

కథ అక్కడితో ఆగదు. ఆత్మ అనేదే లేదని వాదించిన బార్ట్, తన ఆత్మను ఒక కాగితం మీద రాసి స్నేహితుడు మిల్‌హౌస్‌కు ఐదు డాలర్లకు అమ్మేస్తాడు. ఆ తర్వాత దుకాణంలో వాటంతటవే తెరుచుకోవలసిన తలుపులు అతని ముందు తెరుచుకోవు. అద్దం మీద ఊదితే ఆవిరి పట్టదు. ఎప్పుడూ పగలబడి నవ్వించే కార్టూన్ చూసినా నవ్వు రాదు. నవ్వు ఆత్మకు భాష అన్న భావాన్ని లీసా కవి పాబ్లో నెరూడా పేరుతో గుర్తుచేస్తుంది. ఈలోగా మిల్‌హౌస్ ఆ కాగితాన్ని కామిక్ పుస్తకాల దుకాణదారుకిచ్చి, ఆల్ఫ్ అనే టీవీ పాత్ర బొమ్మలున్న బిళ్లలు తీసుకుంటాడు. ఆత్మ ఒక సేకరణ వస్తువుగా మారి, పాప్ సంస్కృతి అంగట్లో చేతులు మారింది. చివరికి లీసా తను దాచుకున్న డబ్బుతో దాన్ని కొని అన్నకు ఇస్తుంది. ఆత్మ పుట్టుకతో రాదనీ, బాధ, ఆలోచన, ప్రార్థనలతో సంపాదించుకోవాలనీ కొందరు తత్త్వవేత్తలు నమ్ముతారని చెబుతుంది. ఇరవై రెండు నిమిషాల హాస్యంలో ఇంత బరువైన ప్రశ్న ఇమిడిందంటే, ప్రస్తావనలు దాన్ని మోసుకొచ్చినందువల్లే.

ఆ దుకాణదారు ఇంకో కారణం వల్ల కూడా ముఖ్యుడు. ఏ ఎపిసోడ్‌లో ఏ తప్పు దొర్లిందో, ఏ కామిక్ ఎప్పుడు వచ్చిందో అతనికి కంఠస్థం. ఈ ధారావాహిక అభిమానులూ ఇలాంటి విశేషాలను ప్రేమగా పోగుచేస్తారు. పాత్రలన్నిటికీ చేతికి నాలుగు వేళ్లే, దేవుడికి మాత్రం ఐదు గీస్తారన్నది వాటిలో బాగా ప్రసిద్ధం. ఇది జ్ఞాపకం పెట్టుకుంటే క్విజ్‌లో ఒక మార్కు వస్తుంది. ఆలోచిస్తే, మనిషికీ దేవుడికీ మధ్య ఉన్న తేడాను చిత్రకారుడు ఒక్క గీతతో చెప్పాడని బోధపడుతుంది. వివరం తెలియడం జ్ఞానానికి మొదటి మెట్టు. అక్కడే కూర్చుండిపోతే అది వట్టి సేకరణ.

గ్రంథాన్ని లోపలి నుంచి ఎరిగి చేసిన ప్రస్తావనకు 1996 డిసెంబరులో వచ్చిన ‘హరికేన్ నెడ్డీ’ నిదర్శనం. తుపానులో పరమ భక్తుడైన నెడ్ ఫ్లాండర్స్ ఇల్లు ఒక్కటే నేలమట్టమవుతుంది. బైబిలులో కష్టాలపాలైన నీతిమంతుడు యోబులాగా దేవుడు తనను శిక్షిస్తున్నాడా అని అతను పాస్టరు లవ్‌జాయ్‌ని అడిగితే, ఆయన అవుననో కాదనో తేల్చకుండా మాట దాటేస్తాడు. మంచివాడికి కష్టం ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు బైబిలులో యోబు స్నేహితులు చెప్పిన జవాబులూ అతని బాధను తీర్చలేదు. ఇక్కడ నవ్వు పుట్టేది విశ్వాసం మీద కాదు, ఓదార్చడం చేతకాని బోధకుడి మీద.

మతవర్గాల స్పందన కాలంతోపాటు మారింది. 1992 జనవరిలో మత ప్రసారకర్తల జాతీయ సదస్సులో అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్, అమెరికా కుటుంబాలు సింప్సన్లలా కాక ‘ది వాల్టన్స్’ ధారావాహికలోని కుటుంబంలా ఉండాలన్నారు. 2001లో పాత్రికేయుడు మార్క్ పిన్‌స్కీ ఈ ధారావాహికలోని ఆధ్యాత్మికత మీద ఒక పుస్తకమే రాశారు. 2010లో వాటికన్ పత్రిక ‘లొస్సెర్వతోరె రొమానో’ హోమర్, బార్ట్ క్యాథలిక్కులేనని రాసింది. ఒకప్పుడు కుటుంబాలకు చెడ్డ నమూనాగా కనిపించినదాన్ని ఒక మత పత్రిక తమవాళ్ల కథగా చెప్పుకునే స్థితి వచ్చింది.

హిందూమతం విషయంలో లెక్క వేరు. ఊళ్లో మరో దుకాణం నడిపే భారతీయుడు అపూ పాత్రకు ఆ పేరు సత్యజిత్ రాయ్ ‘అపూ త్రయం’ చిత్రాల నుంచి వచ్చింది. 1992 నాటి ‘హోమర్ ది హెరెటిక్’లో హోమర్ ఇంటి మంటలార్పినవాళ్ల మతాలను లవ్‌జాయ్ ఒక్కొక్కటిగా చెబుతూ, అపూ దగ్గరికి వచ్చేసరికి ‘ఇతరాలు’ అన్న ధోరణిలో తేల్చేస్తాడు. తాము డెబ్బై కోట్లమందిమని అపూ గుర్తుచేస్తాడు. ఈ హాస్యం పాస్టరు అజ్ఞానాన్ని ఎత్తిచూపుతుంది, కాబట్టి న్యాయమైనది. 1997లో వచ్చిన అపూ పెళ్లి కథలో హోమర్ వినాయకుడి వేషంతో పెళ్లి చెడగొట్టబోతాడు. అక్కడ వినాయకుడు ఏనుగు ముసుగుగా మిగిలాడే తప్ప, విఘ్నాలు తొలగించే దైవంగా కథలో పలకలేదు. యోబు కథకు దక్కిన లోతు ఈ వినాయక ప్రస్తావనకు దక్కలేదు. తెలుగు కుటుంబంలో పుట్టిన అమెరికన్ హాస్యనటుడు హరి కొండబోలు 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీలో ఈ పాత్ర వల్ల దక్షిణాసియా పిల్లలు పడిన అవమానాన్ని ముందుకు తెచ్చారు. అపూకు గొంతునిచ్చిన హ్యాంక్ అజారియా 2020లో ఆ పాత్ర నుంచి తప్పుకున్నారు.

ఈ రెండు రకాల ఉదాహరణలనూ పక్కపక్కన పెడితే మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పవిత్రతను చెడగొట్టేది నవ్వు కాదు, ఎరుక లేకపోవడం. ఫ్లాండర్స్ కథకు నవ్వినవాళ్లకు అతని గ్రంథం తెలుసు, అతని బాధ తెలుసు. అపూ మీద నవ్వినవాళ్లలో చాలామందికి అతని యాస తప్ప మరేమీ తెలియదు. లోతు తెలిసి చేసిన ప్రస్తావన పాత కథకు కొత్త ఊపిరి పోస్తుంది, పైపైన చేసినది మనుషులకు పేరుచీటీ అంటిస్తుంది. అందువల్ల ఇతరుల దైవాన్ని హాస్యంలోకి తెచ్చే రచయితకు మొదటి ధర్మం ఆ దైవం గురించి శ్రద్ధగా తెలుసుకోవడం. ప్రస్తావన అర్థమైందని మురిసే ప్రేక్షకుడికి ధర్మం ఆ మూలం దాకా వెళ్లి చూడడం.